వంకలో రాళ్లు పేరిస్తే జాగ్వార్‌కు ఏం ఒరుగుతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అరిజోనాలో, టూసాన్‌లో ఉంటున్నారు. సొంతూరు కదిరి వైపు. తోటి ఉద్యోగులు కొందరు శనివారాల్లో మెక్సికో సరిహద్దు కొండల్లోకి వెళ్లి వాగుల్లో రాళ్లు పేర్చి వస్తున్నారు. ఎందుకంటే "జంతువుల కోసం" అంటున్నారు. రాళ్లకూ జంతువులకూ లంకె ఏమిటి, ఇది పనికొచ్చేదేనా లేక ఫొటోల సరదానా, వెళ్లే ముందు ఏం తెలుసుకోవాలి, ఇదే పని మన దగ్గరా చేయొచ్చా అని అడిగారు.

పనికొచ్చేదే. రాళ్ల కట్ట పొట్టిగా ఉండాలి, ఒకటితో సరిపెట్టకుండా వరసగా చాలా కట్టాలి, కట్టినవాళ్లు వానలు వెళ్లాక మళ్లీ వచ్చి చూడాలి. మొదటి రెండూ ఎవరైనా నేర్పుతారు. మూడోది ఎగ్గొట్టే బృందాలే ఎక్కువ, పని చెడేది కూడా అక్కడే. ఎవరితో వెళ్లాలో తేల్చుకోవాలంటే "పోయినేడు కట్టినవి ఈ ఏడు ఎవరు చూసొచ్చారు?" అని అడగండి. జవాబు నీళ్లు నమిలితే ఇంకో బృందాన్ని వెతుక్కోండి.

మీది కదిరి కాబట్టి ఇక వాగు అనకుండా వంక అనే అంటాను. అక్కడివాళ్లు 'వాష్' అన్నా 'అరోయో' అన్నా అది మన వంకే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక, వానొస్తే కాసేపు ఎర్రనీళ్లు.

ముందు ఆ నేల సంగతి

టూసాన్ ఊరు సుమారు 2,400 అడుగుల ఎత్తులో ఉంటుంది. పక్కనే ఉన్న మౌంట్ లెమన్ శిఖరం 9,157 అడుగులు. గంటన్నర లోపు కారు ప్రయాణంలో సాగ్వారో కాక్టస్‌లు దాటి, ఓక్ చెట్లు దాటి, పైన్, ఫర్ అడవిలోకి వెళ్లిపోతారు. ఊళ్లో ఏడాదికి సుమారు 270 మిల్లీమీటర్లు పడితే కొండ మీద అంతకు రెండింతలకు పైనే పడుతుంది. ఇలాంటి కొండల వరసలు, చిరికావా, హువాచుకా, శాంటా రీటా, పెటగోనియా మొదలైనవి, రాకీ పర్వతాలకూ మెక్సికోలోని సియెర్రా మాద్రేకూ మధ్య యాభైకి పైగా ఉన్నాయి. చుట్టూ ఎండిన మైదానం, మధ్యలో చల్లని కొండ. అందుకే వీటిని స్కై ఐలాండ్స్, అంటే ఆకాశ దీవులు, అంటారు.

జాగ్వార్ (చిరుతను పోలిన పెద్దపిల్లి), ఓసిలాట్ (మచ్చల అడవిపిల్లి), నల్ల ఎలుగు ఒక్క కొండతో బతకలేవు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి నడవాలి. నడిచే దారుల్లో ముఖ్యమైనవి వంకలే. నీడ, నీరు, దాక్కోవడానికి పొద, తినడానికి జింక, హావలీనా (అడవిపందిని పోలిన జంతువు) అన్నీ ఆ గీత వెంబడే దొరుకుతాయి.

ఆ గీత చెడింది 1880, 1890లలో. రైలు వచ్చింది, దాంతో లక్షల పశువులు వచ్చాయి, గడ్డి మొదలంటా మేశాయి. 1891 నుంచి 1893 వరకు కరువు పడి పశువులు గుట్టలుగా చచ్చిపోయాయి. ఆ బోడినేల మీద కుండపోత వానలు పడేసరికి అంతకుముందు పలచగా పరుచుకుని పారే నీరు ఒక్కచోట కోసుకుని లోతైన గండిగా దిగింది. ఇక్కడొక సంగతి గమనించాలి: వంక అడుగు పది అడుగులు దిగితే అటూ ఇటూ ఉన్న నేల నీటిమట్టం కూడా దాన్ని వెంబడించి దిగుతుంది. గండి అంటే ఒక పెద్ద డ్రెయినేజీ కాలువ. సియెనెగా అని పిలిచే ఊట చిత్తడి నేలలు అలాగే ఎండిపోయాయి. వేళ్లకు నీరందక సకటాన్ అనే నిలువెత్తు గడ్డి పోయింది, దాని చోటులోకి మెస్కీట్ చెట్టు వచ్చింది.

రాళ్ల కట్ట ఈ వరసను వెనక్కి తిప్పే ప్రయత్నం. నీటి వేగం తగ్గితే మట్టి దిగబడుతుంది. మట్టి దిగబడితే వంక అడుగు పైకొస్తుంది. తడి నిలిస్తే గడ్డి మొలుస్తుంది, ఆ గడ్డే తర్వాతి వానకు కట్టగా పనిచేస్తుంది. రాయి పని గడ్డి వచ్చేదాకానే.

రుజువుందా?

ఉంది. చిరికావా కొండల్లోని ఎల్ కొరొనాడో రాంచ్‌లో (రాంచ్ అంటే పశువులు మేపే పెద్ద క్షేత్రం) వేలర్ క్లార్క్, జొసాయా ఆస్టిన్ 1980లలో చిన్న రాతి కట్టలు మొదలుపెట్టారు. అక్కడి పనివాళ్లు వాటిని ట్రించేరాలు అంటారు. వేల సంఖ్యలో కట్టారు. తర్వాత అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్‌కు చెందిన లారా నార్మన్ బృందం కట్టలున్న టర్కీ పెన్ లోయనూ, కట్టలు లేని పక్క లోయ రాక్ క్రీక్‌నూ పోల్చి చూసింది. కట్టలున్న చోట వరద పోటు సుమారు సగానికి తగ్గింది, మొత్తం పారిన నీరు మాత్రం 28 శాతం ఎక్కువగా ఉంది. "పైన కట్టలు కడితే కిందివాళ్లకు నీళ్లు రావు" అనే వాదన ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది కాబట్టి ఈ అంకె గుర్తుపెట్టుకోండి. అయితే అది ఒక జత లోయల లెక్క. వాన నీటిని ఇంకించుకుని నెమ్మదిగా వదిలే పొట్టి కట్టలకు వర్తిస్తుంది, నీటిని నిలువ చేసే పెద్ద చెక్‌డ్యామ్‌కు వర్తించదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

సరిహద్దు గీతకు ఆనుకుని ఇంకో ఉదాహరణ ఉంది. అమెరికా వైపు శాన్ బెర్నార్డినో వన్యప్రాణి ఆశ్రయం, యాకీ నది చేపల కోసం 1982లో ఏర్పడింది. యాకీ చబ్, యాకీ టాప్‌మిన్నో లాంటి వేలెడంత చేపలకు అక్కడి ఊట గుంటలే దిక్కు. గీతకు అవతల సొనోరాలో అదే పేరున్న రాంచ్‌లో క్లార్క్ స్థాపించిన క్వెంకా లోస్ ఓహోస్ సంస్థ పెద్ద గేబియన్లు, అంటే తీగ వలలో రాళ్లు నింపిన దిమ్మెలు, కట్టింది. వాటి వెనక మేట పేరుకుని వంక అడుగు పైకి లేచింది, ఎండిన చోట మళ్లీ నీరు, విల్లో, కాటన్‌వుడ్ చెట్లు వచ్చాయి. నీటికి దేశం లేదు కాబట్టి కింద కట్టిన కట్ట మేలు ఎగువన ఉన్న అమెరికా ముక్కకూ అందింది.

కట్టేది ఎలా

వాలంటీర్లు ఎక్కువగా కట్టేది 'వన్ రాక్ డ్యామ్'. అమెరికా అటవీ శాఖలో పనిచేసి రిటైరైన బిల్ జీడిక్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. పేరులోనే ఉంది: ఎత్తు ఒక్క రాయి. రాయి మీద రాయి పెట్టకూడదు. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ఇదే, గోడ కట్టాలనే ఉబలాటం. ఎత్తు పెరిగితే నీరు పైనుంచి దూకుతుంది, దూకిన చోట గుంత పడుతుంది, గుంత వెనక్కి తొలుచుకొచ్చి కట్టను పడగొడుతుంది.

కొలతలు ఇలా పెట్టుకోండి. మామూలు వానకు వంకలో ఎంత లోతు నీరు పారుతుందో గట్టు మీద చెత్త గీత చూస్తే తెలుస్తుంది. కట్ట ఎత్తు ఆ లోతులో మూడో వంతుకు మించకూడదు. రాయి 20 నుంచి 40 సెంటీమీటర్లు, కోణాలున్నది. నున్నటి గుండ్రాయి దొర్లిపోతుంది. ముందుగా దిగువ అంచున వంకకు అడ్డంగా పలచటి కందకం తవ్వి, అందులో పునాది వరస పెట్టాలి. ఆ రాళ్ల పైభాగం వంక అడుగుతో సమంగా ఉండాలి, పొంగిన నీరు పడేది వాటి మీదే. దాని వెనక, ఎగువ వైపుకు, మూడు నుంచి ఐదు వరసలు ఒకదానికొకటి ఒరుసుకునేలా బిగించాలి. రాయిని పడుకోబెట్టకుండా నిలబెట్టి దించితే బిగువు ఎక్కువ. రెండు చివరలూ గట్ల వైపు కాస్త పైకి ఎక్కాలి, నడుమ భాగం అన్నిటికంటే పల్లంగా ఉండాలి. చివరలో మీరు కట్ట మీద నడిస్తే ఒక్క రాయీ కదలకూడదు. కదిలితే సందులో చిన్న రాయి దూర్చి సుత్తితో బిగించండి.

మట్టం చూడటానికి మన మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ చాలు. కంటి అంచనా వంకలో మోసం చేస్తుంది, ఎందుకంటే వంక అడుగే వాలుగా ఉంటుంది.

ఎంత రాయి కావాలో ముందే లెక్కేసుకోండి. మూడు మీటర్ల వెడల్పున్న వంకలో, పారే దిశలో ఒకటిన్నర మీటర్ల మందంతో, 25 సెంటీమీటర్ల ఎత్తు కట్టకు సుమారు 1.1 ఘనపు మీటర్లు, అంటే 1.8 టన్నుల దాకా రాయి పడుతుంది. ఒక్కో రాయి 15 నుంచి 20 కిలోలనుకుంటే సుమారు వంద రాళ్లు. రాయి దగ్గర్లో ఉంటే ఆరుగురికి ఒక పూట పని. వంద మీటర్లు మోసుకురావాలంటే ఆ రోజుకు అదొక్కటే అవుతుంది. బృందం నాయకుడు "ఇవాళ పది కట్టలు" అంటే రాయి ఎక్కడుందో అడగండి.

దూరం లెక్క తేలిక: కట్ట ఎత్తును వాలుతో భాగించాలి. నూటికి రెండు వాలున్న వంకలో 25 సెంటీమీటర్ల కట్టలు 12.5 మీటర్లకు ఒకటి. నూటికి ఐదయితే 5 మీటర్లకే ఒకటి. అంటే దిగువ కట్ట నెత్తి, ఎగువ కట్ట పాదం ఒకే మట్టంలో ఉంటాయి. ఎక్కడో ఒకటి కట్టి వదిలేస్తే దానివల్ల ఏమీ కాదు, పెద్ద వానకు అదీ పోతుంది.

వంక తల దగ్గర మెట్టులా తెగి వెనక్కి పాకే చోటు ఉంటుంది, హెడ్‌కట్ అంటారు. అక్కడ వన్ రాక్ డ్యామ్ పనికిరాదు. మెట్టు మోకాలి లోపే ఉంటే దాన్ని ఒకటికి మూడు వాలుగా చెక్కి రాయి పరిస్తే సరిపోతుంది. అంతకు మించితే జూని బౌల్ కట్టాలి: తెగిన ముఖానికి రాయి ఆనించి, కింద నీరు పడే గిన్నెలాంటి గుంటకు రాయి పరిచి, ఆ గుంటలో నీరు నిలిచేలా కొంచెం దిగువన ఒక పొట్టి కట్ట వేయాలి. ఈ దిగువ కట్ట దూరం మెట్టు ఎత్తుకు నాలుగు నుంచి ఆరు రెట్లు. ఇది మొదటిసారి వెళ్లినవాళ్లు సొంతంగా కట్టేది కాదు, తెలిసినవాళ్ల పక్కన నిలబడి రాళ్లందించండి.

చెడిపోయేది ఎక్కడ

అన్నిటికంటే ఎక్కువగా పక్కల నుంచి. చివరలు గట్టులోకి ఎక్కకపోతే నీరు కట్ట చుట్టూ తిరిగి కొత్త గట్టును కోస్తుంది, అప్పుడు కట్టకముందు కంటే నష్టం. నడిమి భాగం మిట్టగా కట్టినా ఇదే జరుగుతుంది.

రెండోది రాయి తెచ్చిన చోటు. వంక అడుగున పరుచుకున్న రాళ్లను ఏరితే వంకకున్న కవచాన్ని మీరే ఊడదీసినట్టు. ఏటవాలు మీద మట్టిని పట్టుకుని ఉన్న రాయినీ కదపకండి. కొండ కింద దొర్లిపడిన గుట్టల నుంచీ, రోడ్డు కోసినప్పుడు తోసిన కుప్పల నుంచీ తెచ్చుకోవాలి. వాలు మీద వరసగా పేర్చినట్టు కనిపించే పాత రాళ్లను ముట్టుకోవద్దు. ట్రించేరాలు ఈ ప్రాంతంలో యూరోపియన్లు రాకముందు నుంచీ ఉన్నాయి. మీకు రాళ్లకుప్పలా కనిపించేది పురావస్తు అవశేషం కావచ్చు, కదిపితే చట్టరీత్యా నేరం.

మూడోది, చాలామంది చూడనిది, ఎగువన ఉన్న మట్టిరోడ్డు. వంక ఎందుకు తెగిందో వెతుక్కుంటూ పైకి నడిస్తే పదిసార్లలో ఎన్నోసార్లు ఒక రోడ్డు తూము దగ్గర ఆగుతారు. రోడ్డు ఎకరాల కొద్దీ నీటిని పోగేసి ఒకే గొట్టంలోంచి వదులుతుంది. అది సరిచేయకుండా కింద యాభై కట్టలు కట్టినా నిలవవు. రోడ్డుకు అడ్డంగా అక్కడక్కడా పల్లపు వంపులు ఇచ్చి నీటిని విడివిడిగా గడ్డిలోకి తప్పించడం రాళ్లు మోయడం కంటే చవక, ఫలితం ఎక్కువ. ఫొటోలో బాగుండదు, అంతే.

గేబియన్ల జోలికి వాలంటీర్లు వెళ్లకపోవడమే మంచిది. పునాది చాలకపోతే నీరు అడుగు నుంచి తొలుస్తుంది, తీగ తుప్పు పట్టి తెగితే అన్ని టన్నుల రాయీ ఒకేసారి కిందికి పోతుంది. అవి ఇంజినీరు లెక్క మీద కట్టేవి.

అరిజోనాలో వానాకాలం లెక్క జూన్ 15 నుంచి సెప్టెంబరు 30. కట్టేది దానికి ముందు, చూసేది అక్టోబరులో. చూడటమంటే: కదిలిన రాయి తిరిగి బిగించడం, చివర తెగితే అటు నాలుగు రాళ్లు పొడిగించడం, మేట నిండిన కట్టకు రెండో పొర వేయడం. రెండో పొర పాత రాళ్ల నెత్తిన కాదు, ఎగువన దిగిన మేట మీద, కాస్త వెనక్కి జరిపి. వంక ఇలా మెట్టుమెట్టుగా లేస్తుంది. ఆ తడి మేటలోనే గ్రామా గడ్డి, సకటాన్ విత్తనం చల్లాలి, అదీ ఆ ప్రాంతం నుంచే సేకరించింది. పెటగోనియా ఊళ్లోని బోర్డర్‌ల్యాండ్స్ రిస్టోరేషన్ నెట్‌వర్క్ స్థానిక విత్తనాలు సేకరించి నర్సరీ నడుపుతోంది.

రాళ్లు కాని పనులు

నడుం నొప్పి ఉన్నవాళ్లకు కూడా బోలెడు పని ఉంది.

పశువుల నీటి తొట్టి. ఎడారిలో గబ్బిలం ఎగురుతూనే వచ్చి నీటి మీద నోరు ఆనించి తాగిపోతుంది. తొట్టి మీద అడ్డంగా తీగలున్నా, నీరు అంచుకు బాగా కిందికి ఉన్నా దెబ్బ తగిలి నీళ్లలో పడుతుంది, ఇనుప అంచు ఎక్కలేక చస్తుంది. మందు చిన్నది: ఇనుప జాలీతో ఒక వాలు మెట్టు. అది తొట్టి అడుగుదాకా దిగాలి, లేకపోతే నీరు తగ్గినప్పుడు పనికిరాదు. వాలు 45 డిగ్రీలకు మించకూడదు. తొట్టి గోడకు సందు లేకుండా ఆనుకోవాలి, ఎందుకంటే నీళ్లలో పడిన ప్రాణి గోడ పట్టుకునే తిరుగుతుంది, మధ్యలో ఉన్న మెట్టు దానికి దొరకదు.

కంచె. ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు గంటకు వంద కిలోమీటర్లకు దగ్గరగా పరుగెత్తగలదు కానీ కంచె దూకదు, కింద నుంచి దూరుతుంది. అందుకే అడుగు తీగ ముళ్లు లేనిదిగా మార్చి నేల నుంచి 16 నుంచి 18 అంగుళాల ఎత్తులో కట్టాలి. జింక దూకుతుంది కాబట్టి పై తీగ 42 అంగుళాలకు మించకూడదు, పై రెండు తీగల మధ్య 12 అంగుళాలు వదలాలి, లేకపోతే దూకేటప్పుడు వెనక కాలు రెండింటి మధ్య మెలిపడుతుంది.

కిత్తనార. మన చేల గట్ల మీద కంచెగా పెంచే కిత్తనార చుట్టాలే అక్కడి అగేవ్‌లు. మన కిత్తనార వచ్చింది కూడా అమెరికా ఖండం నుంచే. అగేవ్ ఏళ్ల తరబడి పెరిగి ఒక్కసారి పూసి చచ్చిపోతుంది, ఆ పూల తేనె మీద ఆధారపడి మెక్సికో నుంచి వలస వస్తుంది లెసర్ లాంగ్-నోస్డ్ గబ్బిలం. 1988లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చినప్పుడు తెలిసిన ఆవాసాలు 14, వాటిలో వెయ్యి లోపే. 2018లో జాబితా నుంచి తీసేనాటికి సుమారు 75 ఆవాసాల్లో రెండు లక్షలు. టూసాన్ చుట్టుపక్కల ఇళ్లవాళ్లు హమ్మింగ్‌బర్డ్ కోసం వేలాడదీసిన తీపినీళ్ల సీసాలు రాత్రికి రాత్రే ఖాళీ అవుతున్నాయా అని రాసి పంపిన లెక్కలు కూడా ఆ గబ్బిలం రాకపోకలు తెలుసుకోవడానికి ఉపయోగపడ్డాయి. మీ బాల్కనీలోనే చేయదగ్గ పని.

ఇక బఫెల్ గడ్డి. మన వ్యవసాయ శాఖ పుస్తకాల్లో పశుగ్రాసంగా రాసే అంజన్ గడ్డే ఇది. అరిజోనాలో మేత కోసం తెచ్చి నాటితే సాగ్వారోల మధ్య పరుచుకుంది. అక్కడి ఎడారి మొక్కలకు నిప్పు అలవాటు లేదు, ఈ గడ్డి మాత్రం కాలి మళ్లీ లేస్తుంది. గడ్డపారతో దుబ్బును వేరు తలతో సహా పెకలించాలి, కంకులను సంచిలో కట్టాలి, విత్తనం నేలలో ఉంటుంది కాబట్టి అదే చోటికి మూడు నాలుగేళ్లు తిరిగి రావాలి. మన దగ్గర మేతైన ఈ గడ్డి అక్కడ శత్రువు. అక్కడి మెస్కీట్‌కు దాయాది అయిన సర్కారు తుమ్మ మన చెరువుల్లో శత్రువు. లెక్క సరిపోయింది.

మరి జాగ్వార్?

జాగ్వార్‌ను కాపాడేది చివరికి రాంచర్లే, ఎందుకంటే అది నడిచే నేలలో చాలా భాగంలో మేసేది వాళ్ల మందలే. 1996 మార్చిలో పెలొన్‌సియో కొండల్లో వార్నర్ గ్లెన్ అనే రాంచర్‌కు జాగ్వార్ ఎదురైతే తుపాకీ ఎత్తకుండా ఫొటోలు తీశాడు. ఆయన ఉన్న మాల్పై బోర్డర్‌ల్యాండ్స్ గ్రూప్ 1994లో రాంచర్లే పెట్టుకున్న సంస్థ. వాళ్ల 'గడ్డి బ్యాంకు' ఏర్పాటు నాకు నచ్చుతుంది: కరువొచ్చిన రాంచర్ తన మందను పక్కనున్న గ్రే రాంచ్ గడ్డికి తోలుకోవచ్చు. బదులుగా తన భూమిని ప్లాట్లు చేసి అమ్మనని రాతపూర్వకంగా హక్కు వదులుకోవాలి. మంద లేని రెండు మూడేళ్లలో అతని నేల కోలుకుంటుంది.

మెక్సికో వైపు సొనోరాలో నార్తర్న్ జాగ్వార్ రిజర్వ్ చుట్టూ ఉన్న రాంచర్లతో ఇంకో ఒప్పందం నడుస్తోంది. వేటాడనని, విషం పెట్టనని సంతకం చేసిన రాంచర్ భూమిలో కెమెరాలు పెడతారు, ఫొటోలో పడిన ప్రతి పెద్దపిల్లికీ డబ్బిస్తారు, జాగ్వార్‌కు అన్నిటికంటే ఎక్కువ. చచ్చిన దూడకు పరిహారం ఇవ్వడం కంటే ఇది మెరుగు. పరిహారంలో దూడను చంపింది ఎవరన్న తగాదా తప్పదు. ఫొటోకు తగాదా లేదు.

మీరు కెమెరా పనికి వెళ్తే మోకాలి ఎత్తున, ఉత్తరానికో దక్షిణానికో తిప్పి కట్టండి. తూర్పు పడమరలకు పెడితే ఎండ నేరుగా లెన్సులో పడి ఖాళీ ఫొటోలు వందలు వస్తాయి. ముందున్న గడ్డి కోసేయండి. జాగ్వార్ పడితే ఆ చోటు ఎక్కడా పోస్టు చేయకండి, ఫొటోలో దాగిన లొకేషన్ కూడా తీసేయండి.

ఇక్కడ ఒక పరిమితి దాచకుండా చెప్పాలి. సరిహద్దు గోడ తొమ్మిది మీటర్ల ఎత్తు ఇనుప కమ్మీలు, సందు పది సెంటీమీటర్లు. చిన్న జంతువుల కోసమని అక్కడక్కడా వదిలిన రంధ్రాలు సుమారు ఏ4 కాగితమంత. వాటిలోంచి నక్క, హావలీనా దూరతాయి, జింక, ఎలుగు, జాగ్వార్ దూరవు. స్కై ఐలాండ్ అలయన్స్, వైల్డ్‌లాండ్స్ నెట్‌వర్క్ పరిశోధకులు 2024లో ప్రచురించిన కెమెరా అధ్యయనంలో, వాహనాలను మాత్రమే ఆపే పాత అడ్డుకంచెతో పోలిస్తే గోడ దగ్గర జంతువులు దాటడం 86 శాతం తక్కువ. శాంటా రీటాల్లో 2015 దాకా తిరిగిన ఎల్ హెఫే అనే మగ జాగ్వార్ 2021 నవంబరులో సొనోరాలో మళ్లీ కెమెరాకు చిక్కింది. అది దాటినట్టు ఇప్పుడు దాటే సందులు కొన్నే మిగిలాయి. వాటిలో ముఖ్యమైన శాన్ రఫేల్ లోయ మీదుగా సుమారు 27 మైళ్ల గోడకు 2025లో కాంట్రాక్టు ఇచ్చారు. వంకలో ఎన్ని రాళ్లు పేర్చినా దీనికి విరుగుడు కాదు. వంక బాగుంటే చేప, కప్ప, పక్షి, జింక బాగుంటాయి. జాగ్వార్‌కు దారి కూడా కావాలి.

వెళ్లే ముందు

ఆ కొండల్లో చాలా భాగం కొరొనాడో నేషనల్ ఫారెస్ట్. సొంతంగా వెళ్లి రాళ్లు పేర్చకండి. వంకలో కట్టడానికి క్లీన్ వాటర్ యాక్ట్ అనే నీటి కాలుష్య చట్టం కింద ఆర్మీ కోర్ (సైన్యంలోని ఇంజినీర్ల విభాగం) అనుమతి అవసరం పడొచ్చు, పునరుద్ధరణ పనులకు నేషన్‌వైడ్ పర్మిట్ 27 అని ఒకటుంది. బృందం దగ్గర కాగితం ఉందో లేదో చూసుకోండి.

వీసా మీద ఉంటే పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు చూపే పత్రం) వెంట ఉండాలి. తిరుగు దారిలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉంటాయి, కాగితం ఇంట్లో ఉందంటే కుదరదు. తోలు గ్లవ్స్, ఉక్కు ముక్కు బూట్లు, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు. రాయి ఎత్తేటప్పుడు అవతలి అంచు పైకి లేచేలా మీ వైపుకు వంచండి, కింద తేలో రాటిల్ పామో ఉంటే మీకూ దానికీ మధ్య రాయి ఉంటుంది. ఆకాశం మీ నెత్తిన నిర్మలంగా ఉన్నా పై కొండ మీద మబ్బు పడితే వంకలోంచి బయటికి రండి.

కదిరిలో చేయొచ్చా?

చేయొచ్చు, చేస్తున్నారు కూడా. ఉపాధి హామీలో కట్టిన రాతి కట్టలు మీ చుట్టుపక్కల గుట్టల్లోనే ఉంటాయి. తేడాలు మూడు చెప్తాను. మీ దగ్గర వాన టూసాన్ ఊళ్లో కంటే రెట్టింపు, కాబట్టి చివరలు గట్టులోకి ఇంకా లోపలికి పోవాలి. గుట్టల మీద దొరికేది గుండ్రటి గ్రానైటు, అది బిగవదు. సుత్తితో పగలగొట్టి కోణాలు తేవాలి, లేదా క్వారీలో వృథాగా పోసిన ముక్కరాయి తెచ్చుకోవాలి. రిజర్వు ఫారెస్టు అయితే ఫారెస్టువాళ్ల అనుమతి లేకుండా రాయి కదపకూడదు.

మీ జిల్లాలోనే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్‌తో కలిసి ఊళ్లవాళ్లు కాపాడుకుంటున్న కల్పవల్లి గుట్టలున్నాయి, సెలవుల్లో వెళ్లి చూడండి. వేలాది ఎకరాల ఉమ్మడి భూమి. అక్కడ గడ్డి తిరిగి రావడానికి కట్టల కంటే ఎక్కువగా పనిచేసింది నిప్పు పడకుండా కావలి కాయడం, మేతకు ఊళ్లు పెట్టుకున్న కట్టుబాటు. గాలిమరల కోసం గుట్టల మీద తెగ్గోసిన రోడ్ల వల్ల కోత ఎలా మొదలవుతుందో కూడా అక్కడే చూడొచ్చు. పైన రోడ్డు తూము గురించి రాసింది అదే.

మూడో తేడా మేకలు, గొర్రెలు. అరిజోనాలో రాంచర్ ఒక్కడు ఒప్పుకుంటే కంచె వేసేస్తారు. మన ఊళ్లో వంక అందరిదీ. మేట మీద మొలిచిన మొదటి పచ్చిక నేరుగా మందల కంట పడుతుంది, వేరు పట్టకముందే మేస్తే రెండో ఏటికి అక్కడ మట్టే మిగులుతుంది. కాబట్టి కట్టే ముందే కాపర్లతో కూర్చుని, ఆ వంకను జులై నుంచి డిసెంబరు దాకా రెండేళ్లపాటు వదిలేస్తే బదులుగా ఏ గుట్ట మేతకు ఇస్తారో తేల్చుకోండి.